టచింగ్ లేని సినిమా

1984 జనవరి 1, ఆదివారం

ఉదయం 6:15. కొత్త డైరీ. ఎరువుల కంపెనీ వాళ్లు ఇచ్చింది. ప్రతి పేజీ అడుగున మొక్కజొన్నకు ఎప్పుడు ఏం చల్లాలో ఉంది. నాకు అక్కర్లేదు.

ఈ ఏడు నేను సినిమా తీస్తాను. రాసేశాను. ఇక వెనక్కి పోయేది లేదు!

పెద్దది కాదు, పది నిమిషాలది. హైదరాబాద్‌లో చిన్న సినిమాల పండుగ చేస్తున్నారట. ఫారం మల్లికార్జున్ సార్ ఇచ్చారు. ఆయన కాలేజీలో ఇంగ్లిషు చెప్తారు, నెలకొక ఆదివారం ఫిల్మ్ క్లబ్ పెట్టి విదేశీ సినిమాలు వేస్తారు. పోయిన నెల వేసిన దాంట్లో ఒక ముసలాయన పావుగంట సేపు గుడ్డు ఉడకబెట్టాడు. తినను కూడా తినలేదు. హాలంతా చప్పట్లు! అప్పుడే అనుకున్నాను, ఇంతమాత్రం నాకూ వచ్చు అని.

పన్నెండేళ్ల నుంచి నా పని టచింగ్. హనుమకొండ చౌరస్తాలో ఫోటో స్టూడియో మాది. మా ఆయన సారంగపాణి ముందు గదిలో ఫోటో తీస్తారు. నేను వెనక గదిలో కూర్చుని నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో మచ్చలు, మడతలు, కళ్ల కింది నలుపు మాయం చేస్తాను. నా పెన్సిల్ పుణ్యమా అని ఈ జిల్లాలో ఎన్ని సంబంధాలు కుదిరాయో. పెళ్లయ్యాక వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏమనుకున్నారో నాకు తెలీదు. ఎవరూ వచ్చి చెప్పలేదు.

పోయిన నెల సమ్మమ్మ అని ఒకామె బ్యాంకు లోను కోసం ఫోటో దిగింది. మిర్చి యార్డులో కూలి. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖం నిండా మచ్చలు. చెయ్యి అలవాటు కదా, అన్నీ తీసేశాను. బ్యాంకు క్లర్కు ఫోటో చూశాడు, ఆమెను చూశాడు. "ఫోటోల ఉన్నామెను తోలియ్యి పో" అన్నాడట!

కొట్లాటకు వస్తుందనుకున్నాను. వచ్చి, "బ్యాంకుకు నా మొఖం ఇయ్యి ఫోటోలమ్మా" అని నవ్వింది. నవ్వుతుంటే మచ్చలన్నీ కదిలాయి. చూస్తూ ఉండిపోయాను. నా టేబుల్ మీదికి వచ్చే ముఖాలేవీ కదలవు.

పెళ్లిళ్లు తీద్దామని ఆయన కొన్న సూపర్ ఎయిట్ కెమెరా రెండేళ్లుగా బీరువాలోనే ఉంది. "సిన్మాను గోడకెట్ల తలిగేస్కుంటరు" అని పెళ్లివాళ్లు ఎవరూ ఒప్పుకోలేదు. ఇక అది నాది.

నియమాలు:
1. టచింగ్ లేదు. పౌడర్ కూడా లేదు.
2. పాట లేదు.
3. ఇంట్లో వాళ్లెవరూ సినిమాలో కనపడరు.
4. రోజుకు గంట సినిమా పని. ఏం జరిగినా సరే.
5. మార్చి 31 లోపల పోస్టులో పడాలి.

జనవరి 3, మంగళవారం

మిర్చి యార్డు. నా తుమ్ములు: 31. లెక్కపెట్టడం మానేశాక ఇంకొన్ని.

సమ్మమ్మ షెడ్డు కింద తాలు కాయలు ఏరుతోంది. రఘునాథపల్లి నుంచి పొద్దున ప్యాసింజర్‌కు వచ్చి సాయంత్రం ప్యాసింజర్‌కు పోతుంది.

"అక్కా, నిన్ను పెట్టి సిన్మా తీస్త."

"నన్నా? ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు. నీ పని నువ్వు చేస్కో."

"పాటుంటదా?"

"ఉండది."

"ఫైటింగు?"

"అదీ ఉండది."

"మరి గది సిన్మా ఎట్లయితది? యార్డే గద!"

పక్కన ఏరేవాళ్లంతా నవ్వారు, నవ్వి తుమ్మారు.

"హీరో ఎవలు?"

"నువ్వే."

కాసేపు కాయలు ఏరింది. తాలువీ మంచివీ ఒకే గంపలో వేసింది. "గట్లయితె ఆదివారం తియ్యి. తలకు బోస్కొని వస్త" అంది.

జనవరి 8, ఆదివారం

మొదటి షూటింగ్! మా స్టూడియో పెరట్లో.

9:40. సమ్మమ్మ వచ్చింది. ఎవరిదో పట్టుచీర, నెత్తి నిండా బంతిపూలు, ముఖానికి అరడబ్బా పౌడర్. మొదటి నియమం గుర్తుచేసుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను.

"అందరికి పౌడర్ రాసి ఫోటో తీస్తరు, నాకు కడిగి తీస్తరు" అంది, ముఖం తుడుచుకుంటూ. సగం నవ్వే. మిగతా సగం ఏమిటో చూడలేదు. పొద్దుటి ఏటవాలు వెలుగు పోతోందని తొందర.

10:20. కెమెరా ఆన్. సమ్మమ్మ నిటారుగా నిలబడింది. కదలదు. రెప్ప కొట్టదు.

"అక్కా, కదులు. ఏమన్న మాట్లాడు."

పెదవులు కదపకుండా అంది: "కదిల్తె పాడైతదని మీ ఆయనే జెప్పిండు."

రీలు అయిపోయింది. మూడు నిమిషాల ఇరవై సెకన్ల పాస్‌పోర్ట్ ఫోటో.

మల్లికార్జున్ సార్‌తో చెప్పుకుని ఏడుద్దామని వెళ్లాను. "అద్భుతం! ఆ నిశ్చలత!" అన్నారు. ఈయనకు గుడ్డు ఉడికినా అద్భుతమే, ఉడక్కపోయినా అద్భుతమే.

జనవరి 12, గురువారం

ఆయన, అన్నం తింటూ: "ఒక్క పాట వెట్టరాదు? పక్కన టేప్‌రికార్డర్ మోగిస్తె అయిపాయె."

"రూల్ ఉంది."

"ఎవలు పెట్టిన్రు?"

"నేనే."

"మరి నువ్వే తియ్యి."

అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ, పులుసు వడ్డిస్తూ: "నేను గూడ ఉంట. సిన్మా అన్నంక అత్త ఉండకపోతె ఎట్ల?"

"ఇది ఆ తీరు సిన్మా కాదత్తమ్మా."

అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. సాయంత్రానికల్లా రెండు గంటల సినిమా పని ముందుకు జరిగింది. కలిసొచ్చింది!

జనవరి 24, మంగళవారం

యార్డులో రోజంతా తీశాను. ఎర్రటి కుప్పలు. గంపలు. వేళ్లు. ముక్కులకు కట్టుకున్న కొంగులు.

గంట దాటాక సమ్మమ్మ కెమెరా సంగతి మర్చిపోయింది. పక్కామె ఏదో అంటే తల వెనక్కి వేసి నవ్వింది. ఆ నవ్వు! సరిగ్గా అదే! కెమెరా నడుస్తూనే ఉంది!

అప్పుడు ఎడమవైపు నుంచి ఒక నల్ల గొడుగు వచ్చింది.

గొడుగు కింద అత్తమ్మ. సమ్మమ్మ ముందు నిలబడి కిలో మిరపకాయలు బేరమాడుతోంది. మధ్యలో రెండుసార్లు కెమెరా వైపు తిరిగి కొంగు సర్దుకుంది.

"అత్తమ్మా!"

"మిరపకాయలకొచ్చిన. యార్డు నీదా?"

పన్నెండు రోజుల తర్వాత ఇదే మొదటి మాట.

మూడో నియమానికి సవరణ: యార్డులో ఉన్నంతసేపు అత్తమ్మ ఇంటి మనిషి కాదు, కొనుగోలుదారు.

ఫిబ్రవరి 6, సోమవారం

నేటి సినిమా పని:
10:00 – 11:00. జాతరకు పోయేవాళ్ల గ్రూప్ ఫోటోల టచింగ్. కనక సినిమా పని లేదు.
2:00 – 3:00. అదే.
4:00. కెమెరా తుడిచాను. రెండు నిమిషాలు. ఇది సినిమా పనే.

మేడారం జాతర ముంచుకొస్తోంది. ఊరు ఊరంతా బండ్లు కడుతోంది. సమ్మమ్మ పది రోజులు రానంది. "ఆ తల్లి పేరే నాది. నేను పోకపోతె ఎట్ల?" అంది. అదీ నిజమే.

నాలుగో నియమానికి సవరణ: రోజుకు గంట అంటే సగటున.

ఫిబ్రవరి 23, గురువారం

సమ్మమ్మ జాతర నుంచి వచ్చింది.

గుండుతో.

నున్నగా. కొబ్బరిచిప్పలా. సగం సినిమాలో ఆమెకు నడుము దాకా జుట్టుంది!

"అక్కా! సిన్మా ఉన్నదని చెప్పిన గద!"

"మొక్కు నీ సిన్మా కన్న ముందుగాల్ది, ఫోటోలమ్మా. రెండేండ్ల కింద మా బిడ్డ యాకమ్మ కాన్పు కష్టమైతే మొక్కుకున్న." అని గుండు మీద చెయ్యి తిప్పుకుని, "సల్లగున్నది. నువ్వు గూడ తీపిచ్చుకోరాదు" అంది.

అత్తమ్మ పెద్దగా నవ్వింది. మాకు మాటలు కలిశాయి.

మల్లికార్జున్ సార్: "అద్భుతం! కాలగమనం! ఒక్క మాట లేకుండా కాలం గడిచిందని చెప్పారు!"

నేనేం చెప్పలేదు. మంగలాయన చెప్పాడు.

ఆదివారం గుండుతోనే మిగతాది తీసేస్తాను. దగ్గరగా, ముఖమే, రీలంతా. జుట్టు లేకపోతే ముఖం ఇంకా బాగా కనిపిస్తోంది.

మార్చి 17, శనివారం

కడగడానికి బొంబాయి పంపిన రీళ్లు గురువారం వచ్చాయి! నాలుగూ!

రెండు రోజులు కూర్చుని కత్తిరించి అతికించాను. పది నిమిషాలు. మధ్యాహ్నం స్టూడియో తలుపులు మూసి, తెల్ల దుప్పటి కట్టి వేశాం. ఆయన, అత్తమ్మ, నేను, సమ్మమ్మ. సినిమా పేరు "మొఖం".

చివరి రీలులో సమ్మమ్మ ముఖం దుప్పటంతా నిండింది. తలుపంత ముఖం. ఒక్కో మచ్చలో నీడ. పన్నెండేళ్లు నేను తుడిచేసినవన్నీ ఇలా ఉంటాయా అనిపించింది.

ఆయన నెమ్మదిగా, "మంచిగ తీసినవే" అన్నారు. ఆయన నోట ఆ మాట పెళ్లయ్యాక రెండోసారి. మొదటిది టమాట చారుకు.

లైటు వేశాం. సమ్మమ్మ ఇంకా దుప్పటి వైపే చూస్తోంది.

"గిన్ని ఉన్నయా నాకు?"

నేను రీలు వెనక్కి చుట్టడం మొదలుపెట్టాను.

"మా ఇంట్ల అద్దం చెయ్యంత ఉంటది. ఇంతింత చూస్కుంట." అరచేతిని ముఖం ముందు పెట్టి చూపించింది. తర్వాత మామూలుగానే అడిగింది: "ఫోటోల తీసినట్టు గిండ్లకెల్లి గూడ తియ్యరాదు?"

సినిమా అంటే సెకనుకు పద్దెనిమిది బొమ్మలని, మొత్తం పదివేల ఎనిమిది వందలని, ఒక్కోటి చిటికెన వేలి గోరంతేనని చెప్పాను.

"తియ్యరాదా మరి?"

"రాదక్కా."

"గట్లయితె ఎవ్వలకు చూపియ్యకు. మనం చూస్కున్నం, చాలు."

"సరే" అన్నాను.

చాయ్ తాగి రైలుకు వెళ్లిపోయింది.

మార్చి 19, సోమవారం

ప్రయత్నం చేయలేదని ఎవరూ అనకూడదు. పొద్దున 8 నుంచి 11 దాకా భూతద్దం పెట్టుకుని, పెన్సిల్ ముల్లులా చెక్కి, నలభై బొమ్మలకు టచింగ్ చేశాను. వేసి చూశాం. రెండు సెకన్ల సేపు సమ్మమ్మ ముఖం మీద ఈగల గుంపు ముసిరి లేచిపోయింది. అత్తమ్మ అదాటున చెయ్యి విసిరి తోలింది.

ఆ ముక్క కత్తిరించేశాను.

మార్చి 30, శుక్రవారం

ఆలోచించాను. ఆమె "తియ్యరాదా" అంది, "రాదు" అన్నాను. ఆ మాట మీదే నేను "సరే" అన్నానేమో? "చూపియ్యకు" అన్నదానికి కాకపోవచ్చు. పైగా చూపించొద్దన్నది వరంగల్‌లో అయుండొచ్చు. తెలిసినవాళ్లకు. హైదరాబాద్‌లో ఆమెను ఎవరు గుర్తుపడతారు? పైగా ఎంపికైతే కదా. కాదు. అది నాకు తెలుసు. కానప్పుడు పంపితే ఏం, పంపకపోతే ఏం?

ఆయన: "ఆమెకు చెప్పినవా?"

"చెప్త."

"చెప్పినంక పంపు."

"రేపే ఆఖరు తేదీ."

పార్సిల్ మీద దారం ఆయన కట్టలేదు. నేనే కట్టుకున్నాను. వదులుగా వచ్చింది.

11:20. పోస్టు చేశాను. అయిదో నియమం నెగ్గింది! పాట నియమంతో కలిపి అయిదింటిలో రెండు పూర్తిగా నెగ్గాయి!

ఏప్రిల్ 21, శనివారం

ఎంపికైంది!!!

సైక్లోస్టైల్ కాగితం. నా పేరు చేత్తో రాశారు: "శ్రీ వరలక్ష్మి గారు". శ్రీమతి కాదు, శ్రీ! పోనీ!

మే 6, హైదరాబాద్. నటీనటులు కూడా రావాలని కోరారు.

అత్తమ్మ పెట్టె తీసి తన పట్టుచీర ఎండలో వేసింది. "నేను గూడ నటినే గద" అంది.

ఏప్రిల్ 23, సోమవారం

యార్డుకు వెళ్లాను.

"అక్కా, మన సిన్మా హైదరాబాదుల వేస్తాన్రట. నువ్వు గూడ రావాలె."

ఏరుతున్న చెయ్యి ఆగింది. "మచ్చలు తీసినవా?"

"నువ్వే చూద్దువు గని."

నమ్మింది. ముఖం వెలిగిపోయింది. పక్కవాళ్లకు చెప్పింది: "తీసిందట! ఫోటోలమ్మ పదివేలు తీసిందట!"

తియ్యలేదని అక్కడే చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. తుమ్మొచ్చింది. తుమ్మాక చెప్పలేదు.

మే 6, ఆదివారం

నేను, సమ్మమ్మ, అత్తమ్మ, మల్లికార్జున్ సార్. మా ఆయన రాలేదు. స్టూడియోలో పనుందన్నారు. లేదని నాకు తెలుసు.

రైల్లో సమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుంది. వేలెడు జుట్టు మొలిచింది. కొత్త రవిక. దారంతా చుట్టుపక్కల వాళ్లకు చెప్పుకుంటూనే ఉంది, తన సినిమా వేస్తున్నారని.

హాల్లో ముప్పై మంది ఉంటారు. గడ్డాలు ఇరవై.

మా కంటే ముందు నాలుగు సినిమాలు. ఒకదాంట్లో తలుపు. ఒకదాంట్లో తలుపు మూసి ఉంది. మూడోది చూస్తూ అత్తమ్మ నిద్రపోయింది. నాలుగోదానికి మల్లికార్జున్ సార్ కూడా నిద్రపోయారు. లేచి "అద్భుతం" అన్నారు.

మాది వేశారు. గొడుగు రాగానే నవ్వులు, చప్పట్లు. అత్తమ్మ లేచి దండం పెట్టింది. తర్వాత చివరి రీలు. దుప్పటి కాదు, అసలైన తెర. సమ్మమ్మ ముఖం మా ఇంటి గోడంత.

నేను తెర చూడలేదు. సమ్మమ్మను చూశాను. మొదట తెర మీద వెతికింది. ఇంకాసేపటికి వస్తుందేమో మచ్చల్లేని ముఖం అన్నట్టు, మెడ చాపి. తర్వాత వెతకడం మానేసింది. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

లైట్లు. చర్చ. ఒక గడ్డం ఆయన, జనపనార సంచీతో, లేచి నిలబడ్డాడు. "ఆ ముఖం మీది ఒక్కో మచ్చ ఒక్కో కరువు. ఇది శ్రమజీవి ముఖచిత్రం!"

సమ్మమ్మ కూర్చున్న చోటి నుంచే, "కరువు గాదయ్యా, అమ్మవారు. నాకు ఆరేండ్లప్పుడు పోసింది" అంది.

నవ్వులు. ఆయనా నవ్వి, "మీరేనా! సినిమా మీకెలా అనిపించింది?" అని అడిగాడు.

లేచి నిలబడింది. ఎవరి మీదా కోపం లేదు గొంతులో.

"మచ్చలు తియ్యమన్న. తియ్యరాదన్నది. సరే, ఎవ్వలకు చూపియ్యకన్న. సరే అన్నది." చుట్టూ చూసింది. "గిప్పుడు మీరందరు చూసిన్రు."

కూర్చుంది.

ముప్పై మంది నా వైపు తిరిగారు. సినిమాలో నేను ఒక్క బొమ్మలో కూడా లేను. అప్పుడు మాత్రం అందరూ నన్నే చూశారు, నేను కదల్లేదు.

ప్రత్యేక ప్రశంసాపత్రం ఇచ్చారు. తీసుకున్నాను. ఏం చెయ్యను, పేరు పిలిచారు.

తిరుగు రైలు. అత్తమ్మ పులిహోర పొట్లం ఇస్తే సమ్మమ్మ తీసుకుని తింది. నేను నీళ్ల చెంబు ఇస్తే, "దూప లేదు" అంది. రఘునాథపల్లిలో దిగి, ప్లాట్‌ఫారం మీద వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయింది.

మే 9, బుధవారం

టచింగ్‌లో తప్పు. పెళ్లికొడుకు మీసం తీసేశాను.

ఆయన నెగెటివ్ వెలుగుకు పట్టి చూసి, "మీసమేదే?" అన్నారు.

ఏడ్చాను. మీసం కోసం కాదు.

ఆయన పక్కన కూర్చున్నారు. "నన్ను అప్పుడే ఆపొచ్చు గద" అన్నాను.

"ఆగుతుంటివా?"

ఆగేదాన్ని కాదు.

మే 14, సోమవారం

మల్లికార్జున్ సార్ వచ్చారు, ఇంకో ఫారంతో. బొంబాయి. పెద్ద పండుగ. "ఆమె లేచి మాట్లాడిన ఆ క్షణం ఉంది చూశారూ, అద్భుతం! అది కూడా సినిమాలో ఉండాల్సింది!"

"సార్," అన్నాను, "మీరు ఎప్పుడన్న ఫోటో దిగిన్రా?"

"ఎందుకు?"

"కూసోండి. తీస్త."

దగ్గరగా, లైటు పక్క నుంచి పెట్టి తీశాను. సాయంత్రం ప్రింటు ఇచ్చాను, టచింగ్ లేకుండా. చూసుకుని బోర్లా తిప్పి పట్టుకున్నారు. "ఇది... ఇంకెవరికీ చూపించలేదు కదా?" అన్నారు.

"అద్భుతం గద సార్."

ఫారం తీసుకుని వెళ్లిపోయారు.

మే 20, ఆదివారం

పొద్దుటి ప్యాసింజర్‌కు రఘునాథపల్లి వెళ్లాను. చేతి సంచీలో సినిమా డబ్బా.

సమ్మమ్మ వాకిట్లో చీపుర్లు కడుతోంది. నన్ను చూసి మంచం వాల్చింది, మజ్జిగ తెచ్చింది. డబ్బా చేతికిచ్చాను.

"ఇదొక్కటే ఉన్నది అక్కా. ఇంకోటి లేదు. కాలవెట్టు, పారెయ్యి, నీ ఇష్టం. తప్పయింది నాది."

డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. "గిండ్లనేనా నేనున్నది?" లోపలికి తీసుకెళ్లి చీరల పెట్టెలో పెట్టి వచ్చింది.

"మచ్చల సంగతి గాదు ఫోటోలమ్మా. మా ఊరోల్లు రోజు చూస్తనే ఉన్నరు. నాకు సిగ్గేంది? నువ్వు సరే అన్నవ్. నీ మాట మీద నేను రైలెక్కిన. రైల్ల గంతమందికి చెప్పుకున్న."

నా జవాబులన్నీ మార్చి 30 పేజీలో రాసుకున్నాను. ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేలా లేదు.

"ఇంకోటి," అంది. "సిన్మా అంత మిరపకాయలే ఏరుతాన. ఇంకేం రాదా నాకు? నీకేమొచ్చు అక్కా అని ఒక్కపారన్న అడిగినవా?"

అడగలేదు. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

"ఏమొచ్చు అక్కా?"

"దా."

పొలాల్లోకి నడిపించింది. పెద్ద మోటబావి. ఎండాకాలంలో కూడా నాలుగు నిలువుల లోతు నీళ్లు. సమ్మమ్మ చీర కాసె పోసుకుంది, దరి మీద నాలుగడుగులు వెనక్కి వెళ్లింది. "అక్కా, వద్దు!" అంటున్నాను. పరుగెత్తుకొచ్చి దుమికింది!

నీళ్లు నా ముఖం దాకా ఎగిరాయి. మనిషి లేదు. ఒకటి, రెండు, మూడు... ఇరవై దాకా లెక్కపెట్టాను. ఎవరినైనా పిలుద్దామని వెనక్కి తిరిగాను. అప్పుడు బావికి అటుపక్క పైకి లేచింది. పొట్టి జుట్టు నుంచి నీళ్లు కారుతూ, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. తర్వాత వెల్లకిలా పడుకుని, కాళ్లూ చేతులూ ఆడించకుండా, నీళ్ల మీద ఊరికే తేలింది.

"మా ఊర్ల మొగోల్లు గూడ గిట్ల పండుకోలేరు!" అని కేకేసింది. బావంతా మారుమోగింది. "గిది తియ్యి!"

కెమెరా హనుమకొండలో ఉంది.

"వచ్చే వారం తెస్త అక్కా! పైనుంచి తీస్త!"

"పైనుంచి తీస్తె నెత్తే కనవడ్తది. నీల్లల్లకు దిగి తియ్యి."

"నాకు ఈత రాదు!"

అంత పెద్దగా నవ్వడం యార్డులో కూడా చూడలేదు.

జూన్ 3, ఆదివారం

ఈ ఏడు నేను సినిమా తీస్తాను. మళ్లీ రాస్తున్నాను. మొక్కజొన్న పేజీయే, జూన్‌ది.

నియమాలు ఈసారి సమ్మమ్మవి. ఆమె చెప్తుంటే నేను రాసుకున్నాను:

1. ఆమె చూసి సరే అన్నాకే ఇంకెవరికైనా. ఆ సరే నోటితో కాదు, వేలిముద్రతో.
2. పాట ఉండాలి. ఆమే పాడుతుంది.
3. పౌడర్ అక్కర్లేదు, నీళ్లలో నిలవదు.
4. ముందు నేను ఈత నేర్చుకోవాలి.

అత్తమ్మ విని గుండె పట్టుకుంది. "ముప్పై యేండ్ల కోడలు బాయిల దుంకుడేంది? లోకమేమంటది?" తర్వాత, "గొడుగు వట్టుకోను ఎవలన్న ఉండాలె గద" అని తనూ రైలెక్కింది. ఆయన స్టూడియో మూసి వచ్చారు. దరి మీద కూర్చున్నారు. నాకు ధైర్యం కోసమన్నారు గానీ ఇప్పటికే నవ్వుతున్నారు.

8:40. మునగకుండా వీపుకు బెండ్లు కట్టారు.

8:52. మెట్టు మీద నిలబడ్డాను.

9:15. అదే మెట్టు.

9:20. "సగటున రోజుకు ఒక మెట్టు చాలు గద అక్కా" అన్నాను. సమ్మమ్మ కాలు పట్టి లాగింది.

9:21. బావిలో సగం నీళ్లు తాగాను. జుట్టు పట్టి పైకి లేపింది. "కండ్లు దెరువు! మూస్కుంటె ఏం సిన్మా దీస్తవ్!"

9:22. బయటికొచ్చేశాను. ఇక నా వల్ల కాదు. ఈ సినిమా వద్దు, ఏ సినిమా వద్దు.

9:40. చాయ్. ఎండ. జొన్నరొట్టె.

10:05. మళ్లీ దిగుతున్నాను. ఈసారి కళ్లు తెరిచి. డైరీ ఆయనకిస్తున్నాను, తడవకుండా పట్టుకుంటారు.